మింగిన అంగుళం

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఒక అంగుళం పోయింది. ఉంగరం పోతే వెతుకుతారు, తాళంచెవి పోతే వెతుకుతారు, అంగుళం పోతే ఎవరు వెతుకుతారు? మేమూ వెతకలేదు. దాని బదులు ఆసుపత్రిలో తేదీ రాయించుకున్నాం.

మా ఇంటి పైకప్పు విప్పి కొత్తది వేయిస్తున్నందువల్ల ఆ మూడు నెలలూ నేనూ మా ఆవిడా మామయ్యవాళ్ళింట్లో ఉన్నాం. నేను కార్లలో స్పీకర్లు బిగించే పనివాణ్ణి. మా షాపులో వాళ్ళకి రోజూ పొద్దున్నే నన్ను చూడగానే నోరు దురద పెట్టేది. "ఇల్లరికం ఎలా ఉందిరా? ఒళ్ళు చేశావు!" అనేవాళ్ళు. నిజంగానే చేశాను. అత్తయ్య వద్దన్నకొద్దీ వడ్డించే మనిషి.

మామయ్య వడ్రంగి. ఆయన్ని అందరూ 'గీత మేస్త్రి' అంటారు. పెన్సిలు గీత మీద రంపం పెట్టారంటే ఆ గీతని సగం చెక్కకీ సగం పొట్టుకీ సమానంగా పంచుతారని పేరు. పెద్ద పనులు ఒప్పుకోవడం మానేసినా, ఇంటి వెనక షెడ్డులోకి రోజూ వెళ్ళి ఏదో ఒకటి చిత్రిక పట్టందే ఆయనకి అన్నం సహించదు.

మేం వెళ్ళిన రెండో వారం ఆయన కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. తర్వాత ఒకరోజు మా ఆవిణ్ణి చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచారు. ఇంకో రోజు ఎవరింటికో వెళ్ళి, ఒక కాలికి తన చెప్పూ ఇంకో కాలికి పరాయి చెప్పూ వేసుకుని తిరిగొచ్చారు. ఇంకో ఇంట్లో అయితే నవ్వేసి ఊరుకునేవాళ్ళు. ఈ ఇంట్లో నవ్వలేకపోయారు. మామయ్య అన్నగారు, ఆయనా వడ్రంగే, చివరి నాలుగేళ్ళు కన్నకొడుకుని "మీరెవరు బాబూ" అని అడుగుతూ పోయారు. ఆయనకి అది ఒక తలుపుతో మొదలైంది. ద్వారబంధంలో పట్టని తలుపు చేసి, ఎందుకు పట్టడం లేదో తెలియక దాని ముందు కూర్చుండిపోయారట.

ఒకరోజు నేను షూ లేసులు కట్టుకుంటుంటే మా ఆవిడ పక్కన కూర్చుంది.

"నాన్న చేత ఏదన్నా చేయించు," అంది.

"ఏం చేయించను?"

"లెక్కలుండే పని. కొలతలూ, కూడికలూ. నువ్వు పక్కనే ఉండి చూడు. ఎక్కడన్నా తడబడితే నాకు చెప్పు."

"మామయ్య మీద నిఘా పెట్టమంటావా?"

"నిఘా కాదు. నాకు భయంగా ఉంది," అంది. అంతే అంది. ఆ తర్వాత కాదనడానికి నాకు నోరు రాలేదు.

నా దగ్గర పన్నెండంగుళాల సబ్‌వూఫర్ ఒకటి ఎప్పటినుంచో మూలన పడి ఉంది. పాటలో అడుగున దడదడలాడే శబ్దమంతా మోసే పెద్ద స్పీకరు. దానికి ఒక పెట్టె కావాలి, అది కారు డిక్కీలో కూర్చోవాలి. షాపులో రెడీమేడ్ పెట్టెలు దొరుకుతాయి కానీ నా పాత కారు డిక్కీకి ఏదీ సరిపడదు. ఆ సాకుతో మామయ్య దగ్గరికి వెళ్ళాను.

"పాటకి పెట్టెందుకు అల్లుడూ? పాటేమన్నా పారిపోతుందా?" అన్నారు.

"పాట కాదు మామయ్యా, గాలి. స్పీకరు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. వెనక గాలి ముందు గాలితో కలిస్తే శబ్దం చచ్చిపోతుంది. అందుకని వెనక గాలిని పెట్టెలో బంధించాలి. చీమ దూరే సందు కూడా ఉండకూడదు."

"అంటే తలుపు లేని బీరువా."

"అదే."

"నా జన్మలో అన్నిటికీ తలుపులు పెట్టాను. ఇదొక్కటి మిగిలింది, కానియ్యి," అని లేచారు. ఆయన కళ్ళల్లో వెలుగు చూసి నాకు సంతోషమూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి.

షెడ్డులో కొయ్యపొట్టు వాసన, జిగురు వాసన. రేకుల కప్పు కింద ఫ్యాను వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతోంది. నేను కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. లోపలి లోతు ఏడున్నర అంగుళాలు ఉండాలి. ముందు చెక్క ముప్పావు అంగుళం, వెనక చెక్క ముప్పావు. పక్క చెక్కల వెడల్పు ఎంత పెట్టాలి? అది నేను కావాలనే చెప్పలేదు. అదే కదా పరీక్ష.

ఆయన పెదవులు కదిపారు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు, అదీ నేను మనసులో రాసుకున్నాను. గోడ మేకుకి వేలాడుతున్న స్టీలు టేపు తీసి నా చేతిలో పెట్టారు. ఆ టేపు వయసు మా ఆవిడ వయసంత ఉంటుంది. రంగు పోయింది. కొసకి నీలంరంగు ఇన్సులేషన్ టేపు లావుగా చుట్టి ఉంది.

"నువ్వు గీయి, నేను కోస్తా. పది పెట్టు," అన్నారు.

ఏడున్నరకి ఒకటిన్నర కలిపితే తొమ్మిది. ఐదో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. ఆయన మొహంలోకి చూశాను. ఏ అనుమానమూ లేదు, హాయిగా రంపానికి పదును చూసుకుంటున్నారు.

పిల్లనిచ్చిన మామయ్యకి కూడిక నేర్పే అల్లుడు ఎక్కడన్నా ఉంటాడా? ఉంటే వాడు నేను కాను. "సరే మామయ్యా," అని, నోరు మూసుకుని, టేపు పరిచి తొమ్మిది దగ్గర గీత గీశాను. నాలుగు చెక్కలకీ అలాగే గీశాను. పెద్దమనిషి పరువు కాపాడానని లోలోపల కొంచెం పొంగిపోయాను కూడా.

రంపం గీత మీద నడిచింది. రెండు రోజులు పెట్టె పని జరిగింది. జిగురు, మరలు, లోపల మూలల్లో గాలి పోకుండా సిలికాన్. స్పీకరు కోసం ముందు చెక్కలో గుండ్రంగా కోసేటప్పుడు ఆయన చెయ్యి వణకలేదు. నేను రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడతో, "చేతులు బాగానే ఉన్నాయి. కూడిక ఒక్కటే..." అని పది సంగతి చెప్పేశాను. ఆమె తలగడ అటు తిప్పుకుంది.

మూడో రోజు స్పీకరు పెట్టెలో దించాం. దిగలేదు.

దిగింది కానీ మొత్తం దిగలేదు. వెనకున్న అయస్కాంతం వెనక చెక్కకి తగిలి, ముందు అంచు పావు అంగుళం పైకి లేచి నిలబడింది. మామయ్య అరచేతులతో నొక్కారు. తిప్పి నొక్కారు. తర్వాత స్పీకరు పక్కన పెట్టి, పెట్టె పక్క చెక్క మీద జాన వేసి చూశారు. బొటనవేలు ఒక అంచున ఉంటే చిటికెనవేలు రెండో అంచు దాటి గాల్లో నిలబడింది.

"నా జాన సరిగ్గా తొమ్మిది. ఇది ఎనిమిదే ఉంది," అన్నారు.

గీత మేస్త్రి గీత తప్పాడు అనుకున్నాను నేను. తొమ్మిదికి గీసిస్తే ఎనిమిదికి కోశాడు. కూడికే కాదు, చూపూ పోయింది.

"నేనెంత పెట్టమన్నాను అల్లుడూ?"

తడుముకోలేదు నేను. "తొమ్మిదే మామయ్యా."

"పది అనలేదూ?"

"లేదు లేదు. సరిగ్గా తొమ్మిదే చెప్పారు."

"తొమ్మిది చెప్పానా," అని తనలో తనే అనుకున్నారు. మంచి అబద్ధం ఆడాననే ధీమాలో ఉన్న నాకు, ఆయన మొహంలో రంగు ఎందుకు పోయిందో అర్థం కాలేదు. రంపాన్ని గుడ్డతో తుడిచి, నూనె రాసి, మేకుకి తగిలించారు. షెడ్డు తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"అన్నయ్యకి తలుపుతో మొదలైంది. నాకు పెట్టెతో," అన్నారు.

ఆ తర్వాతి మూడు వారాలూ ఇంట్లో గడియారం చప్పుడు కూడా వినిపించేంత మర్యాదగా బతికాం. మా ఆవిడ ఆసుపత్రిలో మతిమరుపు పరీక్షకి తేదీ తీసుకుంది. అత్తయ్య వంటింట్లో గిన్నెలు చప్పుడు కాకుండా సర్దేది, చప్పుడు చేస్తే ఆయన జ్ఞాపకాలు ఎగిరిపోతాయన్నట్టు. ఎవరూ ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. మామయ్య వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవారు, పేజీ తిరిగేది కాదు.

ఒకరోజు ఉతకడానికి వేసిన ఆయన చొక్కా జేబులో మడతపెట్టిన గరుకు కాగితం దొరికింది, చెక్క రుద్దే కాగితం. దాని వెనక వడ్రంగి పెన్సిలుతో మా అందరి పేర్లూ రాసి ఉన్నాయి. భార్య, కూతురు. మనవలు ఇంకా లేరు గనుక ఆ చోట ఒక గీత. చివర నా పేరు, పక్కన 'అల్లుడు, స్పీకర్లు బిగిస్తాడు, మంచివాడు' అని. ఆ చివరి మాట చదివి నేను బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాను. మా ఆవిడకి చూపించలేదు. కాగితాన్ని మళ్ళీ ఆయన వేసుకోబోయే చొక్కా జేబులో పెట్టేశాను.

పరీక్షకి ఇంకా నాలుగు రోజులుందనగా నాకో ఆలోచన వచ్చింది. ఆ పెట్టె మళ్ళీ నేనే చేసి, ఒకచోట తప్పు వదిలేసి, మామయ్య చేత సరిచేయిస్తే? కాస్త ధైర్యం వస్తుందేమో. ఈసారి ఎందుకొచ్చిన గొడవని ప్లైవుడ్ కొట్టులోనే మిషను మీద చెక్కలు కోయించుకొచ్చాను. పక్క చెక్కలు కచ్చితంగా తొమ్మిది. కొట్టువాడు నా కళ్ళముందే కొలిచి ఇచ్చాడు.

షెడ్డు తాళం తీశాను. మరలు ఎక్కడెక్కడ వేయాలో గుర్తులు పెడదామని మేకుకున్న టేపు తీసి చెక్క మీద పరిచాను. పది.

తొమ్మిది అడిగితే పది ఇచ్చే కొట్టు ఈ భూమ్మీద ఉందా? కొట్టువాడి చేతికి దణ్ణం పెట్టి రెండో చెక్క కొలిచాను. పది. మూడోదీ పదే. టేపు కొసని దగ్గరగా పట్టుకుని చూశాను. చుట్టిన నీలం టేపు గోటితో గీకి ఊడదీశాను. లోపల రేకు విరిగిన అంచు. ఆ అంచు మీద, సగం చెరిగిపోయి, ఒకటి అనే అంకె.

కొక్కెంతో సహా మొదటి అంగుళం లేదు. ఆ టేపు ఒకటితోనే మొదలవుతుంది.

నేను కొయ్యపొట్టు మీదే కూర్చుండిపోయాను. తొమ్మిది కావాలంటే పది దగ్గర గీయాలి. ఆయన పది అన్నారు. నేను తొమ్మిది దగ్గర గీశాను. ఆయన గీత మీదే కోశారు. ఆ పెట్టెలో తప్పు చేసింది ఒక్కడే, వాడు కూడిక బాగా వచ్చినవాడు. ఆ పైన ఆయన "పది అనలేదూ" అని నన్ను బతిమాలినట్టు అడిగితే, లేదు లేదని రెండుసార్లు చెప్పినవాడూ వాడే. ఏళ్ళనాటి అలవాటు తనకే గుర్తులేకుండా పోయిందని ఆయన చేత నమ్మించాను నేను.

వరండాలోకి వెళ్ళి టేపు ఆయన ఒళ్ళో పెట్టాను.

"మామయ్యా, ఆ రోజు మీరు పదే అన్నారు."

ఆయన పేపరు దించారు. "ఏంటీ?"

"పక్క చెక్కలకి. పది పెట్టమన్నారు."

"తొమ్మిదన్నానని నువ్వేగా చెప్పావు?"

"అబద్ధం చెప్పాను. మీకు కూడిక తప్పిందనుకుని నేనే తొమ్మిది దగ్గర గీశాను. టేపు సంగతి నాకు తెలీదు. మీ మనసు నొచ్చుకుంటుందని..."

"గీసింది?"

"నేనే."

"నేను పదన్నాను."

"అన్నారు."

"పది!"

"పది, మామయ్యా."

నన్ను కొడతారనుకున్నాను. కొట్టినా తినేవాణ్ణి. ఆయన లేచి నిలబడ్డారు, పేపరు జారి కింద పడింది. లోపలికి తిరిగి ఇల్లు ఎగిరిపోయేలా కేక పెట్టారు. "ఏమే! విన్నావా! నేను పది అన్నానట!"

అత్తయ్య తడి చేతులతో వచ్చింది. మా ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి సంగతంతా మొదటినుంచీ చెప్పాను. చెప్పడం పూర్తయ్యాక అత్తయ్య టేపు వంకా నా వంకా చూసింది.

"ఈ టేపుకి మొదటి అంగుళం లేదని తెలీదా మీకు? మీ పెళ్ళికి ముందే విరిగింది. నేను కర్టెన్లు కుట్టినప్పుడల్లా ఒకటి మింగుతూనే ఉన్నా. పది చూసి తొమ్మిది అనుకోవాలి."

"మరి చెప్పలేదేం అమ్మా?" అంది మా ఆవిడ.

"నన్నెవరు అడిగారు? ఈ ఇంట్లో మూడు వారాలుగా ఎవరన్నా నోరు విప్పారా? పెట్టె పాడైందన్నారు, ఆసుపత్రన్నారు. టేపు సంగతి ఎవరెత్తారు?"

"కొత్త టేపు కొనొచ్చు కదా మామయ్యా," అన్నాను నసుగుతూ.

"ఒక అంగుళం లేదని మిగతా పదిహేను అడుగులూ పారేస్తానా?" అన్నారు. అని నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడో ఏడుపయింది. జేబులోంచి ఆ గరుకు కాగితం తీసి దానితోనే కళ్ళు తుడుచుకోబోతే అత్తయ్య చటుక్కున లాక్కుంది. "కళ్ళు గీరుకుపోతాయి!" అని కొంగు అందించింది. మా ఆవిడ ఆ కాగితం మీది రాత చదివి, తలమీది తువ్వాలు తీసి నన్ను వీపు మీద నాలుగు బాదింది. "మంచివాడట, మంచివాడు! నోరుంది దేనికి నీకు!" అంటూనే నా భుజం మీద వాలి ఏడ్చింది. మూడు వారాలుగా బిగబట్టిన ఊపిరి ఆ ఇంట్లో అందరమూ ఒకేసారి వదిలాం. నాకైతే పోయిన ప్రాణం లేచొచ్చినట్టుంది.

రాయించుకున్న తేదీ కదా అని పరీక్షకీ వెళ్ళాం. డాక్టరమ్మ తెల్లకాగితం ఇచ్చి గడియారం గీయమంది. "ఎన్ని అంగుళాల గడియారం?" అని అడిగారట మామయ్య. గీశాక, ముల్లు పది మీద పెట్టమంటే పెట్టి, "పదంటే పదే కదా, మింగక్కర్లేదుగా?" అన్నారట. డాక్టరమ్మ ఏమీ అర్థంకాక మా ఆవిడ వైపు చూసిందట. చివరికి, వయసుకి తగ్గ మరుపే, కంగారు పడాల్సింది లేదు, ఏడాది పోయాక ఒకసారి కనిపించండి అంది. కళ్ళజోడు మాత్రం మార్చమంది.

నేను చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా మంచి స్టీలు టేపు ఒకటి కొని ఆయన చేతిలో పెట్టాను. ఆయన పూర్తిగా లాగి చూశారు, వదిలితే సర్రున లోపలికి పోయింది. "బాగుంది," అన్నారు. రేకు కత్తెర తీసుకుని ఒకటి దగ్గర పెట్టి కరుక్కున కత్తిరించారు.

"మామయ్యా!"

"ఇన్నేళ్ళ అలవాటు. ఇప్పుడు మార్చుకుంటే అప్పుడు నిజంగా తప్పులు చేస్తాను," అంటూ కొసకి నీలం టేపు చుట్టారు. కత్తిరించిన ముక్క నా చొక్కా జేబులో వేశారు. "ఇది నీ దగ్గరుంచుకో. నా లెక్క సరిచేయాలనిపించినప్పుడు ముందు దీన్ని తడుముకో."

పెట్టె మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఆయన ఏ కొలత చెప్పినా నేను పక్కింటికి వినబడేలా అడిగేవాణ్ణి. "మింగకముందా, మింగాకా?" "మింగకముందు!" అని ఆయన అంతకంటే గట్టిగా అరిచేవారు. వంటింట్లోంచి అత్తయ్య, "మీ ఇద్దరూ కలిసి ఊరినే మింగేట్టున్నారు," అనేది. స్పీకరు చేతి బరువుకే సుతారంగా దిగి, అంచు చెక్కకి అతుక్కుపోయింది. మామయ్య గోరుతో ఆ సందు తడిమారు. గోరు పట్టలేదు.

మా ఇంటికి తిరిగి వెళ్ళే రోజు సాయంత్రం నలుగురం కారెక్కాం. వెనక సీటులో మామయ్య, సీటు వెనకున్న పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. నేను పాట పెట్టాను. దడదడ శబ్దం నేలలోంచి వచ్చినట్టు వచ్చింది, కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి, అత్తయ్య రెండు చెవులూ మూసుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"కొట్టుకుంటోంది! లోపల గుండె కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది!" అని మామయ్య ముందుకి వంగి మా ఆవిడ భుజం తట్టి పిలిచారు. చెల్లెలి పేరుతో పిలిచారు.

శబ్దం తగ్గిద్దామని నా చెయ్యి ముందుకి వెళ్ళింది. మా ఆవిడ వెనక్కి తిరిగి, పాటని మించి అరిచింది. "నాన్నా! నేను అత్తని కాదు, నీ కూతుర్ని!"

"తెలుసులేవే, నోరు జారింది! దానికీ నీకూ ఒకటే ముక్కు, నేనేం చేయను!" అని ఆయనా అరిచారు.

నేను జేబులో ఆ అంగుళం తడుముకుని, శబ్దం ఇంకాస్త పెంచాను.